అశ్వారోహణ విద్య: చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో తొలిపాఠము మొదలు శిక్షకత్వము వరకు

నిర్వచనము, పరిధి

అశ్వారోహణ విద్య యనగా గుర్రము నెక్కి కూర్చుండుట మాత్రమే కాదు. కూర్చున్న తీరుచేతను, పిక్కల ఒత్తిడిచేతను, చేతులలోని వాగెలచేతను, కంఠస్వరముచేతను ఆ జంతువు నడకను, వేగమును, దిశను, మనఃస్థితిని సైతము నడపుట నేర్చు విద్య. ఈ వ్యాసమున రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాదు మండలములను ఆధారముగ గొని, మొదటి పాఠమునకు వచ్చిన బాలుడో బాలికయో క్రమముగ రౌతై, పోటీదారై, తుదకు శిక్షకత్వమును చేపట్టు మార్గము వివరింపబడును. పందెపు గుర్రముల జాకీ శిక్షణ వేరొక వృత్తి గనుక దానిని ప్రసంగవశమున మాత్రమే పేర్కొందుము (చూ. గుర్రపుపందెములు).

రింగులో పాఠము చెప్పువారిని ఇన్‌స్ట్రక్టర్లనియు, ఒక రౌతును, ఆ రౌతు గుర్రమును జంటగా చేపట్టి సంవత్సరముల తరబడి పోటీలకు సిద్ధపరచువారిని కోచ్‌లనియు క్రీడాసంస్థలు వ్యవహరించును. హైదరాబాదు శాలలలో ఇరువురకును ‘ఉస్తాద్’ అను పిలుపు నేటికిని చెల్లుచున్నది. గుర్రమును కడిగి, మేపి, తోలుసామానును సిద్ధముచేయువాడు సాయీసు. గిట్టలు చెక్కి లాడములు బిగించువాడు నాల్‌బంద్. ఈ నలుగురి పనియు కొంతకొంత యెరుగనివారు మంచి శిక్షకులు కాజాలరనుట ఈ విద్యలో అనుభవజ్ఞులందరి మాట.

ప్రదేశము

మొయినాబాదు, చేవెళ్ల మండలములు హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, బీజాపూరు రహదారి వెంట నున్నవి. 1908వ సంవత్సరపు మూసీ వరదల పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ననుసరించి నిర్మింపబడిన జలాశయములలో ఉస్మాన్‌సాగర్ 1920లో మూసీపైనను, హిమాయత్‌సాగర్ 1927లో ఈసీపైనను పూర్తియయ్యెను. ఈ రెండింటి నీటిపరివాహక ప్రాంతమును కాపాడుటకై 1996లో ప్రభుత్వము వెలువరించిన 111వ సంఖ్యగల ఉత్తర్వు, జలాశయములకు పది కిలోమీటర్ల వ్యాసార్ధములో నున్న 84 గ్రామములయందు పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించినది. 2022 ఏప్రిలులో 69వ సంఖ్యగల ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించెను. ఆ నడుమ గడచిన పాతికేండ్లలో ఇచ్చటి భూములు చాలవరకు పొలములుగను, మామిడితోటలుగను, పూలతోటలుగను, నగరవాసుల ఫాంహౌసులుగను నిలిచిపోయినవి. ఒక కొలత గల రింగు, గుర్రములు స్వేచ్ఛగా తిరుగుటకు ప్యాడక్కులు, శాల, ఎరువుదిబ్బ, గడ్డి నిలువచేయు కొట్టము, ఇన్నియు కావలసిన అశ్వశిక్షణాలయమునకు నగరము నడుమ చోటు దొరకదు. పెద్ద కట్టడములు రాని ఈ నేల అందుకు సహజముగనే అనుకూలించినది. అజీజ్‌నగరమునందలి హైదరాబాద్ పోలో అండ్ రైడింగ్ క్లబ్ ఈ ప్రాంతమునందు ప్రసిద్ధమైన సంస్థ.

నేల యెట్టిదనునది రౌతునకు ముఖ్యవిషయము. ఇచ్చట ఎఱ్ఱనేలయు, అచ్చటచ్చట నల్లరేగడియు కలవు. ఎఱ్ఱనేల వేసవిలో రాయివలె గట్టిపడి గుర్రపు కీళ్ళను బాధించును. రేగడి వానకాలమున జిగటయై లాడములనే ఊడబెరుకును. అందుచేత రింగునందు ఇసుక పరచి, దినదినము నీరు చల్లి, దంతెతో చదును చేయుదురు. వేసవిలో ఉష్ణోగ్రత నలుబది డిగ్రీలను దాటు దినములందు పాఠములు తెల్లవారుజామునను, సంధ్యవేళను మాత్రమే సాగును. జూన్ మొదలు సెప్టెంబరు వరకు వానలు రింగును ముంచెత్తినపుడు శిక్షకులు విద్యార్థులకు శాలలోనే గుర్రపు శరీరనిర్మాణమును, తోలుసామాను సంరక్షణమును బోధింతురు. ఆ పాఠములకు పిల్లలు మొదట మొగము చిట్లింతురు గాని, పిమ్మట శిక్షకులగువారికి పనికివచ్చు జ్ఞానములో చాలభాగము ఆ వానదినములలోనే అబ్బును.

పూర్వచరిత్ర

సంస్కృతమున శాలిహోత్రుని పేరను, నకులుని పేరను ప్రసిద్ధమైన అశ్వశాస్త్రములు గుర్రపు లక్షణములను, చికిత్సను, వాహనక్రమమును వివరించును. అమరకోశము గుర్రపు నడకలను ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని ఐదు ధారలుగ విభజించినది. తెలుగున మనుమంచి భట్టు రచించిన హయలక్షణవిలాసము ఈ శాస్త్రమునకు పద్యరూపము. కాకతీయుల కాలమున అశ్వసేనాధికారులకు ‘సాహిణి’ యను బిరుదముండెడిది. గణపతిదేవుని కొలువునందలి గండపెండేర గంగయ సాహిణి అట్టివాడు. విజయనగర ప్రభువులు సముద్రముమీదుగ వచ్చు అరబ్బీ, పారశీక అశ్వములకు అపారమైన ధనము వెచ్చించిరి. పదునారవ శతాబ్దమున ఆ వ్యాపారము పోర్చుగీసువారి చేతిలో నుండెను. మహారాష్ట్ర సైన్యములకు వాహనమైన భీమానదీతీరపు భీమ్‌థడీ గుర్రము దక్కను పీఠభూమి స్వంతజాతి.

నిజాముల రాజ్యమున అశ్వవిద్య సైన్యమునందును, ప్రభువర్గముల వినోదములందును వర్ధిల్లినది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కాలమున, 1886లో, పందెములు మౌలాలి నుండి మలక్‌పేటకు మారినవి. హైదరాబాదు కంటింజెంటు అశ్వదళముల పరంపరకు చెందిన దక్కన్ హార్స్ రెజిమెంటు 1916 జూలై 14న ఫ్రాన్సుదేశమున సోమ్ యుద్ధమునందు అశ్వారూఢమై శత్రువుపై దాడిసల్పెను. హైదరాబాదు లాన్సర్లు, మైసూరు, జోధపూరు లాన్సర్లతో కూడి పాలస్తీనా రణరంగమున పోరాడిన పదునైదవ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడునందలివారు. 1922లో ఢిల్లీలో వెలసిన తీన్‌మూర్తి స్మారకమునందలి మూడు విగ్రహములలో ఒకటి వారి జ్ఞాపకార్థమైనది. 1923లో జాగీర్దారుల పిల్లలకై వెలసిన జాగీర్దార్ కళాశాల, పిమ్మట 1951లో హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగ మారినది. ఆ బడిలో గుర్రపుస్వారి క్రీడలలో ఒకటి. యుద్ధమునుండి గుర్రము తొలగిన తరువాత సైన్యమున ఆ విద్యకు మిగిలిన ప్రధానాశ్రయము 1953లో ఏర్పడిన 61వ కావల్రీ.

మన ప్రాంతమునకు సమీపమున ఈ విద్య తెగిపోకుండ నిలుపుటలో పోలీసుశాఖ పాత్ర గణనీయము. సర్దార్ వల్లభభాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ 1975లో ఆబూ పర్వతము నుండి శివరాంపల్లికి తరలివచ్చినది, అచ్చట ఐ.పి.ఎస్. ప్రొబేషనర్లకు గుర్రపుస్వారి శిక్షణలో భాగము. రాజేంద్రనగరు పశువైద్య కళాశాల నాశ్రయించుకొని ఎన్.సి.సి. వారి రిమౌంట్ అండ్ వెటర్నరీ విభాగము విద్యార్థులకు స్వారి నేర్పుచున్నది. నగర పోలీసులకును అశ్వదళమున్నది. సైన్యమునుండియు, పోలీసుదళములనుండియు, మలక్‌పేట శాలలనుండియు విరమించిన ఉస్తాదులు, సాయీసులు, నాల్‌బందులు ప్రైవేటు శిక్షణాలయములకు తొలి గురువులైరి. ఆజ్ఞలు పొడిమాటలుగ పలుకుటయు, గుర్రమునకు మేత పడక మునుపు రౌతు భోజనము చేయరాదను నియమమును ఈ పరంపరనుండి వచ్చినవే.

గుర్రములు, శాల

శిక్షణాలయములలో కనబడు గుర్రములు ముఖ్యముగ మూడు విధములు. పందెములనుండి విరమించిన థరోబ్రెడ్లు మొదటివి. ఇవి సన్నని కాళ్ళు, చురుకైన స్వభావము గలవి. పరుగుకే అలవడిన వీనికి నెమ్మదిగ నడచుట, గుండ్రముగ తిరుగుట, రౌతు కాలిసైగను అర్థము చేసికొనుట మరల నేర్పవలెను. చెవులకొనలు లోపలికి వంగి ఒండొంటిని తాకు మార్వాడీ, కాఠియావాడీ జాతులు రెండవవి. చిన్నపిల్లలకు తగిన పొట్టిగుర్రములు మూడవవి. మూపున 148 సెంటీమీటర్లకు మించని గుర్రమును క్రీడానియమములు పోనీ యని గణించును. తొలిపాఠములకు కావలసినది వీనిలో ఏజాతియైనను, వయస్సు మళ్ళి, ఓర్పు గలిగి, పిల్లవాని తప్పులను సహించునట్టి గుర్రము. అట్టిదానిని శాలవారు ‘స్కూల్ మాస్టర్’ అందురు. నూతనముగ పందెమునుండి వచ్చిన గుర్రముపై నూతనముగ వచ్చిన బాలుని కూర్చుండబెట్టుట శిక్షకుడు చేయదగని మొదటి దోషము.

పెరిగిన గుర్రము సుమారు 450 మొదలు 550 కిలోల బరువుండును. విశ్రాంతిలో దాని నాడి నిమిషమునకు 28 నుండి 44 వరకును, ఉష్ణోగ్రత 37.5 నుండి 38.5 డిగ్రీల వరకును ఉండును. దినమునకు పాతిక మొదలు నలుబదియైదు లీటర్ల నీరు త్రాగును. దాని కడుపు చిన్నది, ప్రేవులు మిక్కిలి పొడవు. అది వాంతి చేసికొనజాలదు. కావున దానాను కొంచెము కొంచెముగ పలుమారులు పెట్టవలెను. జొన్నచొప్ప, ఎండుగడ్డి, లూసర్న్ పచ్చిక మేతగను, వోట్లు, గోధుమతవుడు, నానబెట్టిన శనగలు, ఉడికించిన ఉలవలు దానాగను వాడుదురు. మేత మార్చినపుడు గాని, ఇసుకనేలపై మేసినపుడు గాని వచ్చు కడుపుశూల, అనగా కోలిక్, గుర్రములను హరించు వ్యాధులలో ప్రధానమైనది. గుర్రము పొట్టవైపు పదేపదే చూచుట, ముందుకాలితో నేల గీరుట, పడుకొని దొర్లుట, పేడ వేయకుండుట అను గుర్తులను పదేండ్ల పిల్లవాడైనను గుర్తించి పెద్దలను పిలువగలుగునట్లు నేర్పుట శాలలోని తొలి పాఠములలో నొకటి.

తొలిపాఠములు

సామాన్యముగ పిల్లలు ఆరు మొదలు ఎనిమిదేండ్ల నడుమ శిక్షణకు వత్తురు. మొదట నేర్పునది ఎక్కుట కాదు, దరిచేరుట. గుర్రపు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే దాదాపు చుట్టును కనబడును గాని, నుదుటికి సూటిగ ముందును, తోకకు వెనుకను కొంతమేర దానికి కనబడదు. అందుచే ఎడమభుజము వైపునుండి, మాటాడుచు, మెల్లగ చేరవలెను. పిమ్మట ఖరారా యను దువ్వెనతో మెడనుండి వెనుకకు దువ్వుట, జీనుక్రింద నలుసైన లేకుండ వెన్నును తుడుచుట, గిట్టల నెత్తి శుభ్రపరచుట నేర్పుదురు. పిల్లవాడు గుర్రపు భుజమునకు వీపు దగ్గరగ నిలిచి, తోకవైపు మొగమై, చేతిని కాలివెంట పైనుండి క్రిందికి జార్చి, మడమ పైభాగమున మెత్తగ నొక్కగా, శిక్షితమైన గుర్రము తనంత తానుగ కాలెత్తి ఇచ్చును. అపుడు కొక్కెముతో మడమవైపునుండి వ్రేలివైపునకు మట్టిని, గులకలను తీయవలెను. గిట్ట అడుగున త్రికోణాకారముగ నుండు మెత్తని భాగమునకు మొన తగులరాదు. ఐదువందల కిలోల ప్రాణి తన పాదమును ఒక పిల్లవాని చేతిలో పెట్టిన ఆ నిమిషముననే వారిరువురి నడుమ విశ్వాసము మొదలగును. ఆ పని సాయీసునకే వదలిపెట్టు శాలలలో రౌతులు తయారగుదురు గాని అశ్వజ్ఞులు తయారుకారు.

ఎక్కిన పిదప మొదటి కొన్ని వారములు లంజింగు పాఠములు. ఉస్తాద్ రింగు నడుమ నిలిచి, పొడవైన పట్టెత్రాటితో గుర్రమును తనచుట్టు వలయముగ తిప్పును, పిల్లవానికి వాగెలుండవు. చేతులు నడుముపై నుంచుకొని, ప్రక్కలకు చాచి, గుర్రపు చెవులను తాకి, వెనుకకు వాలి, అటుపిమ్మట రికాబులు కూడ వదలి, తన బరువును మాత్రమే ఆధారముగ గొని కూర్చుండుట నేర్చును. వాగెలను ఆలంబనముగ పట్టుకొని వ్రేలాడు అలవాటు ఆరంభముననే పుట్టినచో గుర్రపునోటికి గాయమై, అది తలవిదల్చి మొండిదగును; అపుడు దోషము గుర్రమునకు అంటగట్టబడును. లంజింగు పాఠములను త్వరగ ముగింపుడని తల్లిదండ్రులు ఒత్తిడి చేయుట ఎల్లచోట్ల కనబడును. దానికి లొంగకుండుట శిక్షకుని కర్తవ్యము.

ఆసనమునకు ప్రమాణ మొక్కటే: ప్రక్కనుండి చూచినపుడు రౌతు చెవి, భుజము, నడుము, మడమ ఒకే నిలువుగీతపై నుండవలెను, మోచేయినుండి గుర్రపునోటి వరకు వాగె మరియొక గీతగ సాగవలెను. మడమ క్రిందికి, చూపు ముందునకు. గెంతు సమయమున మాత్రము ఈ నియమము మారును. ఇటలీ అశ్వదళాధికారి ఫెడెరికో కాప్రిల్లీ (1868–1907) అడ్డుకొయ్యపై గుర్రము లేచునపుడు రౌతు వెనుకకు వాలు పూర్వాచారమును త్రోసిపుచ్చి, శరీరము ముందునకు వంచి గుర్రపు వెన్నునకు భారము తప్పించు ఆసనమును స్థాపించెను. నేడు లోకమంతటను నేర్పబడుచున్నది అదియే.

నడకలు

ఆధునిక శిక్షణమున నాలుగు నడకలను గణింతురు. రింగులలో వీని నింగ్లీషు పేళ్ళతోడనే పిలుతురు. వాక్ నాలుగు చప్పుళ్ళ నడక. ట్రాట్ రెండు చప్పుళ్ళది; ఎదురెదురు మూలల కాళ్ళు జంటగ కదలును. ఇందు రౌతు ప్రతి రెండవ అడుగునకు జీనునుండి లేచి కూర్చుండుటను ‘రైజింగ్’ అందురు. వలయమున వెలుపలి ముందుకాలు ముందుకు సాగినపుడు లేవవలెను. క్యాంటర్ మూడు చప్పుళ్ళది. వలయపు లోపలివైపు ముందుకాలు నాయకత్వము వహింపవలెను. గ్యాలప్ నాలుగు చప్పుళ్ళ దౌడు. ఒక నడకనుండి మరియొకదానికి మారుచోటనే రౌతు నైపుణ్యము బయటపడును. కన్నులు మూసికొని గిట్టలచప్పుడును బట్టి నడకను, ఏ కాలు ముందున్నదో చెప్పుమని ఉస్తాదులు పిల్లలకు పరీక్ష పెట్టుదురు.

గుర్రమును తీర్చిదిద్దుటకు జర్మనుల శిక్షణసోపానము సర్వత్ర ప్రమాణము: లయ, సడలింపు, వాగెతో మృదుసంపర్కము, ముందుకు పోవు ప్రేరణ, ఋజుత్వము, సమీకరణము. క్రిందిమెట్టు కుదురక పైమెట్టున కెక్కించుట నిషిద్ధము.

శాఖలు

గుర్రమును సైగలచే నడిపించి కదలికల సౌష్ఠవమును చూపునది డ్రెసాజ్. దాని రంగము 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు కలది. ప్రతి కదలికకు సున్న నుండి పది వరకు అంకములు వేయుదురు. అడ్డుకొయ్యలను దాటించునది జంపింగ్. బాలురకు అరవై సెంటీమీటర్లతో మొదలై ఒలింపిక్ స్థాయిలో 1.65 మీటర్ల వరకు పోవును. ఈ రెంటికి పొలములు, గట్లు, నీటిగుంటలమీదుగ సాగు క్రాస్‌కంట్రీ పరుగును జోడించిన మూడంగముల పరీక్ష ఈవెంటింగ్. నేలలో నాటిన మేకును పరుగున పోవుచు బల్లెముతో పెకలించు టెంట్‌పెగ్గింగు సైన్య, పోలీసుదళములకు ప్రియమైనది. పోలో నలుగురేసి ఆటగాండ్ర ఆట, ఒక్కొక్క చుక్కరు ఏడున్నర నిమిషములు (చూ. పోలో). హైదరాబాదుకు పోలో చిరపరిచితము. సికిందరాబాదునందలి బైసన్ పోలో మైదానము దానికి సాక్షి.

ఒలింపిక్ క్రీడలలో స్త్రీపురుషులు ఒకే పోటీలో సమానముగ తలపడు అరుదైన రంగము అశ్వక్రీడ. స్త్రీలకు డ్రెసాజ్ 1952లోను, జంపింగ్ 1956లోను, ఈవెంటింగ్ 1964లోను తెరువబడినవి.

పోటీలు, వయోవర్గములు

1921లో ఏర్పడిన అంతర్జాతీయ అశ్వక్రీడాసమాఖ్య, అనగా ఎఫ్.ఇ.ఐ., 12 నుండి 14 ఏండ్లవారిని చిల్డ్రన్ అనియు, 14 నుండి 18 ఏండ్లవారిని జూనియర్లనియు, 16 నుండి 21 ఏండ్లవారిని యంగ్ రైడర్లనియు విభజించినది. మన దేశమున ఇక్వెస్ట్రియన్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ప్రాంతీయ పోటీలను, జూనియర్ జాతీయ పోటీలను నడుపును. మొయినాబాదు బాలునకు మార్గమిది: మొదట శాలలోపలి పోటీ, పిదప బెంగుళూరు, ఢిల్లీ, ముంబయి వంటి నగరముల పోటీలు. గుర్రమును లారీపై రాత్రింబవళ్ళు రవాణా చేయుట, దారిలో నీరు త్రాగించుట, దిగిన దినమున స్వారి చేయక నడిపించుట మొదలగు పనులు పోటీలో భాగమే. వానిని పిల్లలచేత చేయించు శిక్షకుడు వారిని కాబోవు శిక్షకులుగ సిద్ధపరచుచున్నాడన్నమాట.

అశ్వక్రీడలు ఆసియా క్రీడలలో మొదటిమారు ప్రవేశించినది 1982లో ఢిల్లీలో. అపుడు భారతదేశము మూడు స్వర్ణములు గెలిచెను: ఈవెంటింగునందు రఘువీర్‌సింగ్‌కు వ్యక్తిగతముగను, జట్టుకును, టెంట్‌పెగ్గింగునందు రూపీందర్‌సింగ్ బ్రార్‌కును. పిమ్మట స్వర్ణము 41 ఏండ్లకు గాని రాలేదు. 2018లో జకార్తాలో బెంగుళూరు రౌతు ఫవాద్ మీర్జా ఈవెంటింగున రజతము గెలిచి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సునందు ఇరువదిమూడవ స్థానమున నిలిచెను. 2023 సెప్టెంబరు 26న హాంగ్జౌనందు సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా డ్రెసాజ్ జట్టు స్వర్ణమును సాధించిరి. అనూష్ 2024లో పారిస్ ఒలింపిక్ డ్రెసాజ్‌న పాల్గొన్న మొదటి భారతీయుడయ్యెను. వీరిలో ఏ యొక్కరును స్వదేశమున మాత్రమే నేర్చి ఆ స్థాయికి చేరలేదు. ఐరోపాశాలలలో సంవత్సరములు గడపవలసివచ్చెను.

రౌతు శిక్షకుడగు క్రమము

పదునారు, పదునెనిమిదేండ్ల ప్రాయమున రౌతునకు దారులు చీలును. కొందరు చదువునకై స్వారి విడుతురు. కొందరు గుర్రము కొని పోటీలలో సాగుదురు. గుర్రము కొనుటకు శక్తిలేక, విడుచుటకు మనసురాక శాలలోనే నిలిచిపోవువారు మరికొందరు. శిక్షకులలో ఎక్కువమంది ఈ మూడవ వర్గమునుండియే వత్తురు. వారు ఉదయము శాలపని చేసి, యజమానుల గుర్రములకు వ్యాయామమిచ్చి, అందుకు ప్రతిగా పాఠములు పొందుదురు. పశ్చిమదేశములలో ‘వర్కింగ్ స్టూడెంట్’ అను ఈ పద్ధతి మనవైపు గురుకులవాసమును పోలియున్నది.

మన దేశమున వైద్యునకు, న్యాయవాదికి వలె స్వారి నేర్పువానికి చట్టము విధించిన రిజిస్ట్రేషను లేదు. అర్హతను చూపు మార్గములు పలువిధములు. ఎన్.సి.సి. రిమౌంట్ విభాగమున బి, సి సర్టిఫికెట్లు పొందుట ఒకటి. మీరట్‌నందలి సైన్యపు రిమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రమున సైనికులకు శిక్షకత్వ పాఠ్యక్రమములు కలవు; విరమణానంతరము వారు క్లబ్బులలో చేరుదురు. ఎఫ్.ఇ.ఐ. వారి కోచ్ శిక్షణ జాతీయసమాఖ్యల ద్వారా మూడు స్థాయిలుగ నడచును. 1947లో ఏర్పడిన బ్రిటిష్ హార్స్ సొసైటీ పరీక్షలు స్వారి, శాలనిర్వహణ, బోధన అను మూడు త్రోవలలో మెట్లుమెట్లుగ సాగును. విదేశమున చదివినవారిలో పలువురు వీనిని ఎన్నుకొందురు.

సర్టిఫికెట్టు ఏదైనను, రౌతు శిక్షకుడగుటలో జరుగు అసలు మార్పు దృష్టియొక్క మార్పు. రౌతుగ నున్నంతకాలము తన తొడలకు, తన వ్రేళ్ళకు తెలిసినది చాలును. దానిని మాటలలో పెట్టనక్కరలేదు. నేలపై నిలిచిన క్షణమున ఆ స్పర్శాజ్ఞానమంతయు దూరమై, కన్నులతో చూచి, వేరొకని శరీరమునకు అర్థమగు చిన్నమాటలో చెప్పవలసియుండును. పెద్దపోటీలలో గెలిచినవారు కొందరు మందబోధకులై మిగులుటకును, సాధారణపు రౌతులు కొందరు గొప్ప గురువులగుటకును కారణమిదియే. శిక్షకుడు ఏకకాలమున రెండు శరీరములను చదువవలెను. గుర్రము తోక విసరుచున్నది, ఒక చెవి వెనుకకు మడచుచున్నది, వలయమున కుడివైపునకు పడుచున్నది. క్రొత్త శిక్షకుడు ‘వాగె లాగు’ మనును. అనుభవజ్ఞుడు పైకి చూచి, పిల్లవాని ఎడమమడమ పైకి లేచి, బరువు కుడితుంటిపై పడినదని గ్రహించి, ‘ఎడమకాలు పొడవు చెయ్యి’ అను రెండుమూడు మాటలతో ఇద్దరిని నిటారు చేయును.

ఇట్టి చూపు అభ్యాసమున వచ్చునది. సహాయకశిక్షకుడు మొదట పెద్దవాని ప్రక్కన నిలిచి లంజింగు త్రాడు పట్టును. పిదప ఆరంభకుల వాక్, ట్రాట్ పాఠములు చెప్పును. అటుపై నలుగురైదుగురు విద్యార్థులు గల గుంపును నడుపును. గుంపుపాఠమున గుర్రములు ఒకదానివెనుక ఒకటి కనీసము ఒక గుర్రపు పొడవు ఎడముండునట్లు చూచుటయే తొలి పరీక్ష. గెంతు పాఠములు, నూతనగుర్రములను తీర్చుట, పోటీదారుల నంటిపెట్టుకొని పర్యటించుట క్రమముగ చేరును.

ఈ ప్రాంతమున కొరవడినది నడిమి మెట్టు. ఆరంభకులకు చోటున్నది, ఐరోపాకు పోగలవారికి దారి యున్నది. ఈ రెంటి నడుమ యువశిక్షకులను కూర్చుండబెట్టి, వారు పాఠము చెప్పుచుండగా పరీక్షించి, దిద్ది, స్థాయి నిర్ణయించు నిలుకడయైన ఏర్పాటు బలపడవలసియున్నది. సాయీసుల బిడ్డలలో పుట్టుకతో అశ్వజ్ఞానము గలవారు పలువు రున్నను, ఇంగ్లీషు పరీక్షలు, వాని రుసుములు వారికి అడ్డుగోడలగుచున్నవి. తెలుగునను, ఉర్దూలోను బోధనాగ్రంథములు, పరీక్షలు ఉండినచో ఈ వృత్తి స్థానికులకు దగ్గరయగును.

రక్షణ, న్యాయనియమములు

ప్రమాణములకు సరిపడు శిరస్త్రాణము, మడమగల బూట్లు లేనిదే స్వారి అనుమతింపరాదు. మడమలేని చెప్పు రికాబునందు జారి చిక్కుకొన్నచో పడిన రౌతును గుర్రము ఈడ్చుకొనిపోవును. జీనును బిగించు పొట్టక్రింది పట్టీని, అనగా తంగ్‌ను, ఎక్కుటకు ముందును, కొంతసేపు నడచిన తరువాతను రెండుమారులు సరిచూడవలెను. పడిన పిల్లవానిని వెంటనే లేపరాదు. తలకు దెబ్బ తగిలినదను శంక ఉన్నచో ఆ దినము మరల ఎక్కింపరాదు. ‘భయము పోవుటకు వెంటనే ఎక్కవలె’ నను పాతమాట ఇచ్చట చెల్లదు.

జంతువులపై క్రౌర్యనివారణ చట్టము, 1960, గాయపడిన, రోగగ్రస్తమైన గుర్రముచేత పనిచేయించుటను నేరముగ గణించును. మైనర్లతో పనిచేయు శిక్షకులకు బాలలను లైంగికనేరములనుండి రక్షించు 2012వ సంవత్సరపు పోక్సో చట్టము వర్తించును.

వ్యాధినియంత్రణ, విదేశమార్గము

భారతీయ రౌతులు విదేశములలో అచ్చటి గుర్రములపైననే పోటీచేయుటకు కారణము ధనము మాత్రమే కాదు. గ్లాండర్సు, సుర్రా వంటి అశ్వవ్యాధుల విషయమున ఇచ్చటి గుర్రములను ఐరోపాదేశములు నేరుగ అనుమతింపవు. మొయినాబాదున ఐదేండ్లు తీర్చిన గుర్రమును బాలుడు విడిచి, జర్మనీలోనో, ఫ్రాన్సులోనో మరియొకదానితో మొదటినుండి పరిచయము పెంచుకొనవలసివచ్చుచుండెను. 2025 జూలైలో ప్రపంచ జంతు ఆరోగ్యసంస్థ, మీరట్ కంటోన్మెంటునందలి రిమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రమును దేశములోని మొదటి అశ్వవ్యాధిరహిత కంపార్ట్‌మెంటుగ గుర్తించినది. బయటి జంతువులతో సంపర్కము లేకుండ, కీటకనియంత్రణ, ప్రవేశమార్గముల కట్టుబాటు, నిరంతర పరీక్షలు గల ఆవరణమున నుంచిన గుర్రములు మాత్రమే ఇందుకు అర్హములు. ఇట్టి నిర్వహణమునకు ప్రతి గుర్రపు ఉష్ణోగ్రత, టీకాలు, రక్తపరీక్షలు, రాకపోకలు దినచర్యగ వ్రాసియుంచుట అవసరము. అట్టి పుస్తకమును నిర్వహించుట, పశువైద్యునితో మాటాడుట, క్రొత్తగుర్రమును కొన్ని వారములు వేరుగ కట్టివేయుట నేటి శిక్షకుని పాఠ్యక్రమమున చేరినవి. చేవెళ్ల, మొయినాబాదు శాలలలో సహాయకులుగ చేరు యువరౌతులు స్వారితోపాటు ఈ లెక్కలను కూడ నేర్చుకొనవలెను.